విప్పని డీఏపీ బస్తా

డీఏపీ చల్లకపోతే మా ఆయన కియెమ్‌కి నిద్ర పట్టదు. మా అన్‌జాంగ్ ప్రాంతంలో వరి కోతలవగానే పొలంలో గడ్డి తగలబెట్టడం, మళ్లీ భాస్వరం కోసం బస్తాలు మోయడం అందరికీ అలవాటే. ఈసారి నేను అడ్డం పడ్డాను. గడ్డినంతా నేలలోకి దున్నించి, పొలంలో నా సగానికి డీఏపీ వద్దన్నాను.

"అయితే పందెం! తక్కువ పండినవాళ్లు బాతు గంజి వండాలి" అన్నాడు.

తీరా చూస్తే రెండు సగాలూ సమానంగా పండాయి. "మందు లేకుండా నీతో సమానంగా పండించా, గెలుపు నాదే!" అని దబాయించాను. ఆయన వెంటనే వెళ్లి బాతును కోశాడు.

పొయ్యిలోకి ఊక తెద్దామని కొట్టంలోకి వెళ్లానా, ఊక వెనకాల డీఏపీ బస్తా, కుట్టు కూడా విప్పకుండా!

గంజి ముందు కూర్చున్నాక నిలదీశాను. "ఏమయ్యా, నీ సగంలో ఏం చల్లావు?"

"ఏమీ చల్లలేదు. ఓడిపోతే మళ్లీ కోతలదాకా మూతి ముడుచుకుంటావు. నీతో ఎవడు పడతాడే?"

ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. "మరి నీ వరి ఎలా పండింది?"

"ఇన్నేళ్లూ చల్లింది నేల దాచుకున్నట్టుంది. ఈసారి గడ్డీ దానికే ఇచ్చాం. పెట్టడమేగాని, కడుపు నిండిందో లేదో ఎప్పుడైనా అడిగామా?"

అంటూనే, నన్ను అడక్కుండా నా గిన్నెలో ఇంకో గరిటె గంజి పోశాడు.