హారను కింద బుడగ

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బులు కమ్ముకున్నాయి గానీ చినుకు రాలలేదు. ఆకు కదలదు. ఊరికే నిలబడ్డా చెమటలే. అలాంటి ఉక్కలో వియ్యంకుడి కారు నాలుగు అద్దాలూ దించుకుని మెకానిక్కు షెడ్డు ముందు ఆగింది. వెనక సీట్లో మెకానిక్కు కూతురు. ఆమె మొహం చూడగానే తండ్రికి సంగతి అర్థమైపోయింది.

ఎండలు మొదలైనప్పుడు ఆ కారు ఏసీ గొట్టం అతుకు దగ్గర రబ్బరు రింగు మార్చి, గ్యాసు నింపింది ఆయనే. ఎండలు ముదరకముందే చల్లదనం పోయింది. అప్పటినుంచి అత్తవారింట్లో కూర మాడినా, కుళాయి కారినా కూతురికి ఒకటే దెప్పు: "పుట్టింటి పనితనం!" ఆ మాట ఆమె ఫోన్లో నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వే తండ్రికి నచ్చలేదు.

"ఏం బావగారూ, అప్పుడు గ్యాసు నింపారా, గ్యాసు కొట్టారా?" అంటూ దిగాడు వియ్యంకుడు. తన జోకుకి తనే నవ్వాడు.

"నింపాను బావగారూ. అదే దారి చూసుకుని పోయింది."

"మీరు వేసిన రబ్బరే పోయుంటుంది. మళ్లీ నింపేసి పంపించండి."

"కన్నం చూడకుండా నింపితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. కూర్చోండి."

షెడ్డు వెనకే ఇల్లు. కూతురు వంటకి లోపలికెళ్లింది. మెకానిక్కు బానెట్టెత్తి గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించాడు. మీటరు ముల్లు కాసేపు నిలబడి, మెల్లగా కిందికి జారింది. ఎక్కడో కారుతోందన్నమాట. సబ్బునురగ ముందు తను మార్చిన అతుకు మీదే పూసి, ఊపిరి బిగబట్టి చూశాడు. ఒక్క బుడగ లేదు.

"ఇంకాస్త పూయండి," అన్నాడు వియ్యంకుడు.

ఇంకాస్త పూశాడు. లేదు.

వంగి చూస్తే ముందు జాలీ వెనక, ఏసీ గొట్టం మీద అరచేయంత జిడ్డు. దాని మీద దుమ్ము అట్టకట్టింది. గ్యాసు ఒంటరిగా పోదు, కాస్త నూనెని వెంటబెట్టుకుని పోతుంది. జిడ్డుకి సరిగ్గా పైన కొత్త హారను, దాని ఇనుప పట్టీ గొట్టాన్ని ఒరుసుకుంటూ. నురగ పూస్తే బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది.

ఆ హారను వియ్యంకుడి ముచ్చట. రింగు మార్చిన మర్నాడే, "ఈపాటి దానికి మెకానిక్కెందుకు, నా చేత్తో నేనే బిగించా" అని ఫోన్లో మోగించి మరీ వినిపించాడు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే ఇన్నాళ్ల దెప్పుళ్లకీ చెల్లు. కానీ ఆ మాట ఇక్కడే ఉండిపోదు. సాయంత్రం ఇదే కారెక్కి, కూతురి పక్కనే కూర్చుని వెళ్తుంది.

"బావగారూ, ఈ టార్చి కాస్త పట్టండి. సరిగ్గా కనబట్టం లేదు."

వియ్యంకుడు వంగాడు. వెలుగు బుడగ మీద పడి, పట్టీ మీదికి పాకి, అక్కడే ఆగిపోయింది.

కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "దొరికిందా నాన్నా? రబ్బరేనా?"

"కాదమ్మా. బండి అదురుకి గొట్టం ఒరుసుకుంది."

ఆమె కదల్లేదు. మావగారు ఏమంటారోనని అక్కడే నిలబడింది.

"స్పానరివ్వండి బావగారూ," అన్నాడు వియ్యంకుడు టార్చి దించకుండానే. "ముందు ఈ హారను తీసేస్తా."

నట్టు మొరాయించింది. ఆయన విప్పుతున్నంతసేపూ కూతురు పొయ్యి సంగతే మర్చిపోయింది. మాడు వాసనకి లోపలికి పరుగెత్తింది.

మెకానిక్కు గొట్టానికి అతుకేసి, మళ్లీ నైట్రోజన్ ఎక్కించి చూశాడు. ఈసారి ముల్లు కదల్లేదు. అప్పుడు గ్యాసు నింపాడు. చల్లటి గాలి వియ్యంకుడి మొహానికి తగిలింది.

ముగ్గురూ అన్నాలకి కూర్చున్నారు. కూర అడుగంటింది. మొదటి ముద్దకే తెలిసిపోయింది. పాత దెప్పు వస్తుందని కూతురు తలెత్తలేదు. మెకానిక్కు చెయ్యి కంచంలోనే ఆగింది.

వియ్యంకుడు నమిలాడు, మింగాడు. గిన్నె దగ్గరికి లాక్కుని ఆ కూరే ఇంకో గరిటె వడ్డించుకున్నాడు. మెకానిక్కు కంచంలోనూ ఒక గరిటె వేశాడు.