పై వరస మీద ఎర్ర చుక్క

నంద్యాలలో మా తోడికోడలు వాసవమ్మ జవళి అంగడికి ఎర్ర చుక్క వచ్చిందని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆమె నాకంటే పెద్దది. అక్కా అని పిలవాలి, పిలుస్తాను. పిలిచిన ప్రతిసారీ కడుపు మండుతుంది.

ఎర్ర చుక్క అంటే లేజర్ లైటు. రెండువేల సంవత్సరంలో మా వైపు అది కొత్త. చీరల అంగడిలో ఆడవాళ్లు పై వరస చూపించి "అది కాదు, దాని పక్కది" అంటుంటే గుమాస్తా నిచ్చెన మీంచి పది చీరలు లాగి పడేస్తాడు. వాసవక్క కూర్చున్న చోటి నుంచే మీట నొక్కుతుంది, చుక్క సరిగ్గా ఆ చీర మీద వాలుతుంది. దాన్ని చూడ్డానికే మా ఆళ్లగడ్డ జనం కూడా నంద్యాలకు పోతున్నారు.

అప్పటికే మా మామ మాధవయ్య ఒక మాట అనేశాడు. శిరివెళ్లలో మా పాత ఖాతాదారు లింగమ్మ కూతురి పెళ్లి. ఆ పెళ్లిబట్టల బేరం కూడా నంద్యాలకే పోతే, నేనూ మా ఆయనా నడిపే ఆళ్లగడ్డ అంగడి మూసి అందరం అక్కడే ఉందాం అన్నాడు. అందరం అంటే ఆమె గల్లా దగ్గర, నేను ఆమె వంటింట్లో. ఆ బతుకు నాకొద్దు.

అడక్కముందే వాసవక్క నాకూ ఒక లైటు బస్సు కండక్టరు చేత పంపింది. పొద్దున వేసి చూస్తే చుక్క నిప్పుకణికలా ఉంది. తాళాల గుత్తితో పాటు బొడ్లో దోపుకున్నాను. సాయంత్రానికి పై వరస మీద కనబడనే లేదు. ఎదుటి బల్ల మీద మాత్రం వెలిసిన కుంకుమలా పడింది. లోపల చొక్కా గుండీలంత సెల్లులు ఉంటాయి, వాటిలో బలం తగ్గితే వెలుగూ తగ్గుతుందట. మా ఆయన వాటిని రేడియో సెల్లుల్లాగే ఎండలో పెట్టాడు. కాసేపు వెలిగి మళ్లీ నీరసపడ్డాయి. కొత్తవి వేస్తే అవీ సాయంత్రానికి అంతే.

"మంచిది తాను పెట్టుకోని, చెడిపోయింది నాకు అంపిండాది మీ వదిన," అన్నాను.

"నువ్వు ఊరికే ఉండవే," అన్నాడాయన.

ఊరికే ఉండటం నా వల్ల కాలేదు. నంద్యాల పోయి, "అక్కా, నీది నాకియ్యి, నాది నువ్వు పెట్టుకో," అని మొహం మీదే అడిగాను. కొత్త సెల్లులు వేసి మరీ ఇచ్చింది. ఆ నవ్వుమొహం చూస్తే ఇంకా ఒళ్లు మండింది.

మరునాడు మధ్యాహ్నం లింగమ్మ పెళ్లివాళ్లతో మా అంగట్లో దిగింది. మామ వచ్చి గల్లా పక్కన కూర్చున్నాడు. అంతలో కరెంటు పోయింది. ఆ మసకలో లింగమ్మ నా నడుం వైపు వేలు చూపింది.

"ఏందమ్మా, నీ చీరలో ఎర్రగా వెలుగుతాండాది?"

చూసుకున్నాను. తాళాల గుత్తి ఒత్తుకుని మీట నొక్కుకుపోయి ఉంది. పొద్దుటి నుంచీ ఆ లైటు నా పొట్టకు చీరలు చూపిస్తోంది. ఇన్నాళ్లూ సెల్లులు తాగింది వాసవక్క కాదు, నా బొడ్డే. గబగబా తీసి పై వరసకు గురిపెట్టాను. చుక్క పడిందో లేదో కూడా తెలియలేదు. మామ తల పక్కకు తిప్పుకున్నాడు. అంగడి పోయిందనుకున్నాను.

లింగమ్మ నవ్వింది. "లైటుదేముందిలేమ్మా. నిన్న సాయంత్రం నంద్యాలలోనే జవళి తీస్తాంటిమి. మీ అక్క ఆపింది. మా చెల్లెలికాడ ఇంతకన్నా మంచివి ఉండాయి, ఆడికి పోండని దండం పెట్టింది. అందుకే వచ్చినాం."

చేత్తో చూపిస్తూనే పొద్దుగూకేదాకా చీరలు తీశారు. మూటలు ట్రాక్టరెక్కాయి. మామ లేచి, "అంగడి మూసేది లేదు," అన్నాడు. అంతటితో ఊరుకోకుండా, గడప దాటుతూ మా ఆయన వైపు తిరిగాడు.

"వాసవమ్మ లాంటి కోడలు యాడా దొరకదు రా."

అంగడి నాకు మిగిలింది. ఆమె ఇస్తే మిగిలింది. చివరికి మంచిదనే పేరు కూడా ఆమే ఎత్తుకుపోయింది.