నాలుగు సర్వోలూ వణికాయి

ఆత్మకూరులో ఎవరి సెల్‌ఫోన్ మూగబోయినా నా అంగడికే వస్తారు. పదహారేళ్లుగా రిపేర్లు చేస్తున్నాను. ఆ పొగరుతోనే మా అక్క కూతురు నిస్సీకి మాటిచ్చాను, ఆమె చేసిన రిమోట్ విమానానికి సర్వోలు నేను చూసుకుంటానని.

సర్వో అంటే అగ్గిపెట్టెకన్నా చిన్న మోటారు. రిమోట్ ఎంత తిప్పమంటే రెక్కనో తోకనో అంతే తిప్పి, అక్కడే బిగపట్టి ఉంచాలి. ప్లాస్టిక్ గేర్లవి చాలు, తేలికగా ఉంటాయంది నిస్సీ. మన గాలికి అవి నిలవవని పోట్లాడి మెటల్ గేర్లవి నాలుగు తెప్పించాను. అదనంగా ఒకటి ఉంచుకుందామంటే, నేనుండగా దండగన్నాను.

ఇలాంటి విమానాల పోటీ కడపలో. ఒక్కొక్కరికి పదే నిమిషాలు, ఒక్కసారే. గెలిచిన వాళ్లకు డ్రోన్ల కంపెనీలో ఉద్యోగం. కాలేజీ పిల్లలకే పోటీ. నిస్సీది ఆఖరి ఏడాది కాబట్టి మళ్లీ అవకాశం లేదు. ముందురోజు మధ్యాహ్నం మా చేలో ఎగరేస్తే విమానం చక్కగా తిరిగొచ్చి దిగింది. మా అమ్మ విశ్వాసమ్మ సంబరపడిపోయి, తానూ వస్తానని తెల్లారి మాతో బస్సెక్కింది.

మైదానంలో మా నంబరు పిలిచారు. స్విచ్ వేయగానే తోక వణికింది. తర్వాత రెక్కలు రెండూ, చుక్కానీ. నిస్సీ రిమోట్ ముట్టనే లేదు. చలిజ్వరం వచ్చినట్టు నాలుగూ గడగడలాడుతున్నాయి.

"మామా, ఏమైతాండాది ఇది?"

"భయపడాకు పాపా. నాలుగూ ఒక్కసారే చెడిపోతాయా యాడన్నా? కరెంటు సరిగా రావడం ల్యాదు, అంతే."

బ్యాటరీ మార్చాను. వణుకు ఆగలేదు. వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చాను. మూడు తీసేసి ఒక్కటే పెట్టి చూశాను. అదీ వణికింది. అయితే రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవరుదే తప్పని దాని మీద పడ్డాను.

"మామా, సర్వో ఒగటి ఇప్పి చూస్తామా?"

"నువ్వు గమ్మునుండు. ఇది నా పని."

ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు నిమిషాలుండగా తోక సర్వో విప్పాను. గేర్ల నిండా జిడ్డు. ఎంత తిరిగిందో కనిపెట్టే నల్లటి పట్టీ మీద నూనె, ఆ నూనెకు అంటుకుని బస్సు దారి దుమ్ము. వాసన చూశాను. నాకు జ్వరమొచ్చినప్పుడల్లా, పరీక్షలకు వెళ్లేటప్పుడల్లా, అంగడి తెరిచిన రోజునా మా అమ్మ నా నుదుటి మీద రాసిన నూనె. పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన ఒలీవ నూనె.

మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల మా అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతోంది. పరుగెత్తాను.

"అమ్మా, ఇమానానికి నూనె గాని పూసినావా?"

"పూసినాప్పా. నిన్న సాయంత్రం మీరు టీకి పోయినప్పుడు. కుట్టుమిషనుకు పోసినట్ల కదిలే కాడంతా చుక్కలు చుక్కలు పోసినా. నాలుగిట్లో ఒక్కటీ ఇడ్సిపెట్టలే."

మా ఇంట్లో ఇది కొత్తేమీ కాదు. నా బైకుకూ పూసింది, బోరు మోటారుకూ పూసింది. వాటికి ఏమీ కాలేదు. ఆమె ముఖంలో ఆ సంతోషం చూసి వెనక్కి వచ్చేశాను.

చొక్కా అంచుతో పట్టీ తుడుస్తుండగానే విజిల్ ఊదారు. తర్వాతి వాళ్ల నంబరు పిలిచారు.

"యాల ఇట్లైంది మామా? నాకు తెలియాల," అంది నిస్సీ. అప్పటికే అమ్మ వచ్చి నా వెనక నిలబడింది.

"నేను తెచ్చిన సర్వోలు మంచివి కావు పాపా. నువ్వు చెప్పినవే తేవాల్సింది."

నిస్సీ నా ముఖం కూడా చూడలేదు. విమానం ఎత్తుకుని బస్టాండు దాకా ఒక్కతే ముందు నడిచింది. బస్సులోనూ ముందు సీట్లో కూర్చుంది. మూడేళ్ల కష్టం ఆమె ఒళ్లో ఉంది. వెనక నేను చేతులు ముడుచుకుని కూర్చున్నాను. ఏం చేయగలను?

మైదుకూరు దాటాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"బాధపడాకు నాయనా. పొరపాటు ఎవురికైనా వస్తాది. ఈసారి మంచివి తే. నేను శానా పూస్తాలే నూనె."

ముందు సీట్లో నిస్సీ తల తిరిగింది. అవ్వను చూసింది. ఒళ్లోని విమానం తోకను మెల్లగా ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"అట్లే అవ్వా," అంది. "ఈసారి నువ్వే పుయ్యి."

ఆ గొంతు విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. సర్వోలు సరిగా తేలేదని ఏడుస్తున్నాననుకుని, అమ్మ ఊరొచ్చేదాకా నా వీపు నిమురుతూనే ఉంది.