శాంతి దళంలో మా ఆయన

మా ఆయన టార్మో కుహ్మో ఊళ్ళో బడి బస్సు నడుపుతాడు. మా ఫిన్లాండులో చాలామంది మగవాళ్ళలాగే రిజర్వు సైనికుడు కూడా. తర్ఫీదుకు రమ్మని ఆర్డరొస్తే బస్సు తాళాలు ఇంకొకరికిచ్చి నాలుగు రోజులు వెళ్ళి రావడం మామూలే. అందుకే పోయినేడు ఆకులు రాలే వేళ సంచి సర్దుకుంటూ, లెబనాన్‌లో శాంతి దళానికి పిలిచారు, ఆరు నెలలు, తప్పదు అంటే నమ్మాను. అప్పటికే నాకు రెండో నెల. మా ఆవిరి స్నానాల గదిలో రాళ్ళు వేడెక్కించే పొయ్యి పగిలి ఉంది. వచ్చాక బాగు చేస్తానన్నాడు.

ఆరు నెలలైనా మనిషి రాలేదు. ఇంకో ఆరు నెలలు పొడిగించారట, తన చేతిలో ఏముందట. నాకు ఒళ్ళు మండిపోయింది. నిండు కడుపుతో సైనిక కార్యాలయానికి వెళ్ళి అక్కడి కెప్టెన్ మీద నిప్పులు చెరిగాను. దేశం మొత్తంలో బస్సు నడుపుకునేవాడే దొరికాడా, నా కాన్పుకి మీరొచ్చి పక్కన నిలబడతారా అని కడిగేశాను. పాపం, కాఫీ కప్పు పట్టుకుని అలాగే విన్నాడాయన.

"అమ్మా, తర్ఫీదుకైతే మేం పిలుస్తాం, రాక తప్పదు. శాంతి దళానికి ఎవర్నీ పిలవం. వెళ్తామని వాళ్ళే అడగాలి. పొడిగించమనీ వాళ్ళే అడగాలి."

కూర్చోమని ఆయన కుర్చీ జరిపినా ఆగకుండా బయటికొచ్చేశాను. చలికాలమంతా ఊళ్ళో సైన్యాన్ని తిట్టిపోశాను. మా ఆడపడుచు మాత్రం తల దించుకుని వినేది. ఆవిడకి తెలుసన్నమాట.

ఆదివారం టార్మో ఫోన్ చేశాడు. వెనక మగవాళ్ళ నవ్వులు, వేడి రాళ్ళ మీద నీళ్ళు పడ్డ చప్పుడు. అక్కడ ఆవిరి గది కట్టుకున్నారట, పొయ్యి తనే చేశాడట. ఎంత సంబరంగా చెప్పాడో. సరే, ఒక్క అవకాశం ఇద్దామనుకున్నాను.

"బిడ్డ పుట్టేనాటికైనా వదలరా?"

"వదలరే సైమీ. ఆర్డర్ కదా. నా చేతిలో ఉంటే ఈపాటికి నీ దగ్గరుండేవాణ్ణి."

"నేను కెప్టెన్ని అడిగాను," అన్నాను.

వెనక నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. అతను మాత్రం నా పేరు పిలిచాడు, అంతే. ఇంక నేనతన్ని మాట్లాడనివ్వలేదు.

"అక్కడికి అడిగి వెళ్ళావుగా. ఇక్కడికీ అడిగే రా. రానివ్వాలో లేదో నేను చూస్తాను."