గుమ్మం ముందు చిన్న టెంటు

మా ఆయన నరసింగరావుకి నరసన్నపేటలో టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, పెళ్ళికొడుకు కూర్చునే సింహాసనం, అన్నీ అద్దెకిస్తాం. ఈ చుట్టుపక్కల ఎవరింట్లో మంచి జరిగినా చెడు జరిగినా ముందు మాకే ఫోను వస్తుంది. పెద్ద టెంటు కావాలంటే పెళ్ళో గృహప్రవేశమో అనుకోవాలి. "చిన్న టెంటు పంపండి" అన్నారంటే ఎవరో పోయారన్నమాట. ఎవరని మేము అడగం. గుమ్మం ముందు నీడకి సరిపడా గుడ్డ, నాలుగు గుంజలు ఆటో ఎక్కించేస్తాం.

అలాంటి ఇంటికి మా అమ్మాయి ఝాన్సీ ఒక్క మనిషి పడుకునే టెంటు తెప్పించింది. ఒకటి కూడా కాదు, రెండు. ఒకటి ఉంచుకుని ఒకటి వాపసు పంపిస్తుందట.

ఝాన్సీ విజయనగరంలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. చదువుకునే రోజుల్లో ఎన్.సి.సి. వాళ్ళతో కొండలెక్కి ఆ పిచ్చి అంటించుకుంది. ఇన్నాళ్ళూ ఆశ్రిత అని స్నేహితురాలు తోడుండేది. ఇద్దరూ ఒకే టెంటులో పడుకునేవారు కాబట్టి నేనూ ఏదోలా సరిపెట్టుకునేదాన్ని. ఈ వేసవి సెలవులకి హిమాచల్ కొండలన్నారు. టికెట్లన్నీ అయ్యాక ఆశ్రితకి ఆఫీసులో ఏదో ట్రైనింగు పడి రానంది. హమ్మయ్య, ఇదీ మానుకుంటుందిలే అనుకున్నాను. మానుకోలేదు. ఒక్కతే పోతానంది.

"ఒక్కదానివీ ఆ కొండల మీద ఎలగ పడుకుంటావే?" అన్నాను.

"టెంటులో అమ్మా" అంది.

ఇదీ మా అమ్మాయి సమాధానం. నా కడుపున పుట్టింది గనక ఆ నోరు ఎవరిదని అడగడానికి కూడా లేదు. నాలుగు రోజులు తిట్టాను, రెండు రోజులు ఏడ్చాను, ఒక పూట అన్నం మానేశాను. అన్నం మానేస్తే పళ్ళెంలో పెట్టి పక్కన కూర్చుని తినిపించింది గాని, మాట మాత్రం మార్చుకోలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా.

చివరికి తనే ఒక మాటిచ్చింది. "నాన్నా, రెండూ ఏసి సూడు. గాలికీ వానకీ ఏది ఆగుతాదో నువ్వే సెప్పు. రెండూ ఆగవంటే నేను ఎల్లను. నీ మీద ఒట్టు" అంది.

దానికి వాళ్ళ నాన్న మాటంటే అంత గురి. తిత్లీ తుఫాను వచ్చినప్పుడు అది చిన్నపిల్లేం కాదు, అన్నీ చూసింది. ఇంకా వాన చుక్క పడకముందే ఈయన ఒక పెళ్ళివారి పందిరి విప్పించేశాడు. ఆ పెళ్ళివారు ఈయన్ని తిట్టని తిట్టు లేదు. మర్నాడు ఊళ్ళో నిలబడ్డ కొబ్బరిచెట్టే తక్కువైతే ఇక పందిరి మాటెందుకు. అప్పటినుంచీ గుడ్డ, తాడు, గుంజ, గాలి, ఈ నాలుగింటి విషయంలో నాన్న చెప్పిందే దానికి వేదం. మిగతా విషయాల్లో మాత్రం నాలాగే ఆయన్ని లెక్కచెయ్యదు.

ముందురోజు పెళ్ళి గిన్నెలన్నీ పెరట్లో ఆరుతున్నాయి. అక్కడ కాలు పెట్టడానికి చోటు లేదు. అందుకని వాకిట్లోనే, సరిగ్గా గుమ్మం ఎదురుగా, ఆ రెండు టెంట్లూ వేశారు తండ్రీ కూతుళ్ళు. బూడిదరంగుది అరకిలో కూడా తూగదు. చేత్తో పట్టుకుంటే ఉల్లిపొర. ఆకుపచ్చది దానికి రెట్టింపు ఉంటుంది. రెండింటికీ గుంజలు విడిగా లేవు. నడిచేటప్పుడు ఊతానికి పట్టుకునే కర్రలే పడుకునేటప్పుడు గుంజలవుతాయట. ఆ మాట వినగానే ఈయన మొహం చూడాలి.

"గుంజ బరువుంటేనే పందిరి నిలబడతాదమ్మా" అన్నాడు.

"మొయ్యాల్సింది ఆటో కాదు నాన్నా, నేను. పైకెక్కుతున్నప్పుడు అరకిలో తేడా మోకాళ్ళకి తెలుస్తాది. నాకు బూడిదదే నచ్చింది. నువ్వు సూసి సెప్పు" అంది.

ఈయన మోకాళ్ళ మీద కూలబడి మేకులు దిగ్గొట్టాడు. గొట్టంతో నీళ్ళు కొట్టాడు. పెళ్ళిళ్ళలో పెట్టే పెద్ద కూలరు తెచ్చి ఎదురుగా పెట్టి తిప్పాడు. గాలి చాలక ఒక్కో తాడూ చేత్తో పట్టుకుని, పశువుని లాగినట్టు లాగాడు. వీధివాళ్ళు చేతులు కట్టుకుని చుట్టూ నిలబడ్డారు. మన వీధుల్లో ఎవరు ఏ పని చేస్తున్నా పదిమంది నిలబడి చూడకపోతే ఆ పని అయినట్టు కాదు.

సరిగ్గా అప్పుడే మా చిన్నతల్లి వదిన ఆటోలో వచ్చింది. ఈయనకి స్వయానా అక్క. సంతకని వాళ్ళ పల్లె నుంచి బయల్దేరి, దారే గదా అని మా వీధిలోకి తిప్పించింది. దూరం నుంచి ఆవిడకి కనపడింది ఏమిటి? తమ్ముడి గుమ్మం ముందు చిన్న టెంటు. చుట్టూ మాట్లాడకుండా నిలబడ్డ జనం. తమ్ముడు టెంటు వెనకాల వంగి ఉండడంతో కనపడలేదు. ఇంక చూసుకోండి. ఆటో ఆగకముందే దిగేసి, సంత సంచి రోడ్డు మీద పారేసి, గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"ఓలమ్మో, మా తమ్ముడు పోనాడే. నాకొక్క కబురైనా సెప్పనేదే రాజీ" అని నా పేరు పెట్టి ఏడ్చింది.

చేతిలో నీళ్ళ గొట్టంతో తమ్ముడు లేచి నిలబడ్డాడు. "ఏటే అప్పా, ఏటయింది?" అన్నాడు.

వీధి వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. ఝాన్సీ అయితే మేనత్తని పట్టుకుని కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వింది. వదినకి మాత్రం నవ్వు రాలేదు. పమిటతో మొహం తుడుచుకుని, "బతికున్నోళ్ళ గుమ్మంలో సిన్న టెంటు ఏసుకుంటారేటే? ఎవురికని ఏశారిది?" అంది.

ఎవరికని వేశామో నాకు తెలుసు గదా. నా కూతురు పడుకోడానికి వేశాం. ఆ ముక్క తోచగానే నా నవ్వు ఆగిపోయింది. శకునాలు నేను పెద్దగా పట్టించుకోను, పిల్లి ఎదురొచ్చినా పక్కకి తప్పుకుని వెళ్ళే మనిషిని. కానీ ఆ రోజు నాకు భయమేసింది.

ఝాన్సీ మేనత్తకి మంచినీళ్ళివ్వడానికి లోపలికెళ్ళింది. ఈయన కాళ్ళు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికొచ్చాడు. వెనకాలే వెళ్ళాను.

"ఏటి బావా, ఏటి తేలింది?"

"బూడిదది ఆగదే. తాడు కట్టే కాడ కుట్టు ఒదిలేస్తన్నాది. అప్ప ఏడుస్తా వచ్చినప్పుడే సూశాను, పిల్ల సూడనేదు. గట్టిగా ఈదురు కొడితే అర్ధరాత్రి ఆ మూల లేచిపోతాది. పచ్చది మాత్రం రాయే. ఏ గాలికీ కదల్దు. పచ్చది పట్టుకెళ్ళమంటాను."

"రెండూ ఆగవని సెప్పు."

ఆయన కుళాయి కట్టేశాడు. "ఆగుతున్నదాన్ని ఆగదని ఎలగ సెప్తానే?"

"నోటితో సెప్తావు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి సెయ్యమన్నారు. కన్నకూతురి పేణం కోసం ఒక్కటి ఆడలేవా? మీ అప్ప ఏడుపు ఇన్నావు గదా. రేప్పొద్దున్న దానికేటన్నా అయితే ఆ పచ్చ టెంటు నువ్వు సెప్పబట్టే పట్టుకెళ్ళిందని గుర్తుంచుకో."

ఆ ఆఖరి మాట అనకూడదు, అన్నాను. తప్పంటారా, అనండి. ఇప్పుడు మళ్ళీ ఆ కుళాయి దగ్గర నిలబెట్టినా అదే అంటానేమో, ఏమో. తల్లిని.

ఈయన వాకిట్లోకి వెళ్ళాడు. ఝాన్సీ వచ్చి ఎదురుగా నిలబడింది. రేషన్ ఆఫీసులో మన పేరు పిలుస్తారా లేదా అని నిలబడినట్టు నిలబడింది.

"రెండూ ఆగవమ్మా" అన్నాడు.

"పచ్చది కూడానా?"

ఈయన వంగి పచ్చ టెంటు తాడు పట్టుకుని, కుట్టు మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ. గాలిలో ఇక్కడే ఇడిపోతాది. ఆ రెండోది కూడా ఇలగే" అన్నాడు. ఏ కుట్టు ఎందుకు విడుతుందో, ఏ తాడు ఎటు లాగుతుందో నిజంలాగే వివరంగా చెప్పాడు. చేతకాదు చేతకాదన్నవాడు ఇంత బాగా ఆడతాడని నేననుకోలేదు.

ఝాన్సీ ఆ చోట తనూ వేలు పెట్టి చూసింది. దానికేం తెలుస్తుంది. "సరే నాన్నా" అంది. ఒక్క ఎదురు మాట లేదు. మేకులు పీకి, మట్టి తుడిచి, రెండూ మడతపెట్టి లోపలికి పట్టుకుపోయింది. ఎప్పుడూ చెయ్యని పని, తలుపు దగ్గరగా వేసుకుంది.

నాకు పట్టరాని సంతోషం. వదినని భోజనానికి ఉంచేసి రెండు కూరలు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఒకటీ వంకాయ ఒకటీ వండాను. వదిన కడుపునిండా తిని, కుళాయి దగ్గర సంగతి చెవిలో చెబితే నా తెలివికి మెచ్చుకుని వెళ్ళింది. ఝాన్సీ వచ్చి నాలుగు మెతుకులు తిని లేచింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఈయన అసలు పీట దగ్గరికే రాలేదు, గోడౌన్‌లో కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నానన్నాడు. ఏ పెళ్ళీ లేని రోజున కుర్చీలు లెక్కపెట్టడమేమిటో.

తెల్లారి నేను పాలు కాస్తుంటే గదిలోంచి ఈయన గొంతు వినపడింది. నాకు అర్థమైపోయింది. పొయ్యి కట్టేసి పరిగెత్తేసరికి అంతా చెప్పేశాడు.

"పచ్చది ఆగుతాదమ్మా. నిన్న అబద్ధమాడాను. బూడిదది మాత్రం నిజంగానే ఆగదు, అది ముట్టుకోకు. ఎల్తే పచ్చదే పట్టుకెళ్ళు."

ఝాన్సీ మంచం మీద కూర్చుని ఉంది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"రాత్రంతా ఏడ్సాను నాన్నా. ఎల్లలేనని ఏడుపే గాని, నీ మాట అనుమానించనేదు. నువ్వు ఆగదన్నావు గదా, అయితే ఆగదు, అంతే అనుకుని నాకు నేనే సర్ది సెప్పుకున్నాను."

"నిజమేనమ్మా, అందుకే..."

"నిన్న పచ్చదాని మీద వేలెట్టి ఇక్కడ ఇడిపోతాదన్నావు. అది అబద్ధం. ఇయ్యాల బూడిదదాని మీద వేలెట్టి అదే మాటంటన్నావు. అది నిజమా? నువ్వు మొదట్నుంచీ బరువున్నదే మంచిదంటన్నావు. నాకు నచ్చింది బూడిదదని నీకు తెలుసు. ఏది నిజమో నాకెలగ తెలుస్తాది?"

"రా, మళ్ళీ ఏద్దాం. కుట్టు సూపిస్తాను" అన్నాడు ఈయన.

"నిన్నా సూపించావు" అంది.

నేను మధ్యలో దూరాను. "నేనే ఆడించాను, మీ నాన్నది తప్పు కాదే. నన్ను తిట్టు" అన్నాను.

"నువ్వు అడుగుతావని తెలుసమ్మా. ఆయన సెప్తారని తెలీదు" అంది.

అంతే. ఒట్టు నాన్న మాట మీద వేసింది, ఆ మాటే అబద్ధమైనాక ఒట్టు కూడా లేదంది. రెండు రోజుల్లో బ్యాగు సర్దుకుంది. రెండు టెంట్లూ పట్టుకెళ్ళి ఒకటి విజయనగరంలో వాపసు పంపించేసి, ఇంకోటి తనతో తీసుకుపోతానంది. ఏదని ఈయన అడిగాడు. తలొంచుకుని జిప్పు లాక్కుంది. మళ్ళీ అడిగితే, "నేను సూసుకుంటాను నాన్నా" అంది. ఆమదాలవలస స్టేషనుకి దింపుతానన్నా ఒప్పుకోలేదు, ఆటో పిలుచుకుంది. గుమ్మం దగ్గర మాత్రం "ఎల్లొస్తాను" అంది. "ఎల్తాను" అనలేదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని నేను నాలుగు రోజులు బతికాను.

ఈయన షాపుకెళ్ళడం లేదు. ఎవరో పెళ్ళివారొచ్చి పందిరి బేరమాడుతూ "గాలికి ఆగుతాదా" అని అడిగితే, "ఇంకెవర్నైనా అడగండి" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్న మనిషి.

నిన్న సాయంత్రం ఫోను వచ్చింది. దారిలో అదే చివరి ఊరని, పొద్దున్నే నడక మొదలెడతానని, పైన సిగ్నలుండదని చెప్పింది. గాలి హోరుకి దాని మాట సరిగ్గా వినపడలేదు. తిన్నావా అన్నాను, తిన్నానంది. చలిగా ఉందా అన్నాను, ఉందంది. ఈయన నా పక్కన నిలబడి, పచ్చదేనా అడుగు, పచ్చదేనా అడుగు, అని సైగలు చేస్తున్నాడు.

"ఏ టెంటు పట్టుకెళ్ళావమ్మా? మీ నాన్న అడుగుతున్నారు" అన్నాను.

అది కోపంగా అనలేదు. కోపంగా అన్నా నాకింత బాధ ఉండేది కాదు. అలసిపోయిన గొంతుతో మామూలుగా అంది.

"రెండూ ఆగవన్నారు గదమ్మా. ఏదైతే ఏటి?"