తువ్వాలు కింద గడియారం

నేను ఒక చేతి గడియారాన్ని. కంపెనీ పేరు చెప్పను. చెబితే మీరు ముందు నా ధర అడుగుతారు, తరువాత నన్ను తిప్పి వెనక మూత వైపు చూస్తారు. మొదటిది నాకు అలవాటే. రెండోదానికి మాత్రం నా ముళ్ళు వణుకుతాయి. ముల్లు వణికితే గడియారం బాగా నడుస్తోందనుకుంటారు మనుషులు. వాళ్ళ తెలివి వాళ్ళది.

మంచు దేశంలో ఒక లోయలో పుట్టాను. కంటికి భూతద్దం బిగించుకున్న ఒక ముసలాయన, ఊపిరి కూడా మెల్లగా వదులుతూ, నాలో గుండె అమర్చాడు. కీ ఇవ్వక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. కట్టుకున్న మనిషి చెయ్యి ఊపితే చాలు, అదే నా తిండి. విశాఖపట్నంలో జగన్నాయకులు గారని ఓడ ఇంజనీరు ఉండేవారు. ఏదో రేవులో నన్ను కొని ఇరవై రెండేళ్ళు చేతినుంచి తీయలేదు.

తీసిన ఒక్కసారే నా కొంప మునిగింది. సర్వీసింగుకని ఒక పెద్ద ఊళ్ళో సందు చివరి కొట్లో ఇచ్చారు. ఆ కొట్టువాడు నా మూత తీశాడు, చూశాడు, వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. పట్టుకారుతో నా గుండెను ఎత్తి వేరే డబ్బాలో పెట్టాడు. దాని చోట అదే కొలతలో, అదే మెరుపుతో ఉన్న చవక గుండెను బిగించాడు. మూత పడింది. పైన నేను నేనే. లోపల ఎవరో. ఇంజనీరు గారికి పోయేదాకా ఆ సంగతి తెలియదు.

అప్పటినుంచి గుండె నాది కాదు, భయం మాత్రం నాదే. అది ఏ పళ్ళచక్రంలో కాపురం ఉంటుందో నాకూ తెలియదు. ఇంజనీరు గారి తరువాత ఇద్దరు ముగ్గురు చేతులు మారాను. ప్రతిచోటా ఎవరో ఒకరు నన్ను బోర్లా తిప్పేవారు. మూత తీసే ఉక్కు పనిముట్టు బల్లమీద కనబడితే చాలు, నా లోపల నూనె గడ్డకట్టేది. ఎవరూ తీయలేదు. నా పై మెరుపే అందరికీ సరిపోయింది.

అలా తిరిగి తిరిగి హైదరాబాదులో, మేడమీద చల్లటి గదిలో, వాడిన గడియారాలు అమ్మే కొట్టుకు చేరాను. ఒక మధ్యాహ్నం అక్కడికి మాలకొండయ్య వచ్చాడు. ఒంగోలు దగ్గర పల్లెటూరు. పశువుల బేరం కుదిర్చే దళారి. గిత్తల్ని లారీలో తోలుకొచ్చి, వాటిని అప్పగించి, అటునుంచి అటే వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చల్లగాలికి భుజాలు ముడుచుకుని అద్దాల బల్ల ముందు నిలబడ్డాడు.

"కొత్తది కొనాలంటే నా ఇల్లు అమ్మినా చాలదని తెలుసమ్మా. వాడిందే చూపియ్యి. గీతలున్నా ఫర్లేదు, కుంటు ఉండగూడదు" అన్నాడు.

అమ్మే అమ్మాయి నవ్వు ఆపుకుని నన్ను తీసి ముందు పెట్టింది. "దీనికి బాక్స్ లేదు సర్, పేపర్స్ లేవు. అందుకే ఈ రేటుకు వస్తోంది."

"ఎద్దుకు మాత్రం పెట్టె ఉంటదా ఏంది" అని మాలకొండయ్య నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

ఎందరో నన్ను పరీక్షించారు. ఇలా మాత్రం ఎవరూ చేయలేదు. అరచేతిలో వేసుకుని బరువు చూశాడు. చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుని ఊపిరి విన్నాడు. పక్కనున్న పంటి చక్రాన్ని గోటితో మీటి, కోడెకు పళ్ళు చూసినట్టు పళ్ళు చూశాడు. తరువాత బల్లమీద పెట్టి రెండడుగులు వెనక్కి వెళ్ళి, సెకన్ల ముల్లు నడక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆ రోజు నా ముల్లు ఎక్కడా తొట్రుపడలేదు.

"వెనక మూత తీసి చూపించమంటారా సర్? మా టెక్నీషియన్ ఉన్నాడు. కొనేముందు చూసుకోవడం మంచిది" అంది ఆ అమ్మాయి. పాపం, ఆ పిల్లకూ లోపలి సంగతి తెలియదు.

నా పని అయిపోయిందనుకున్నాను.

"గిత్తను కోసి చూసి కొంటామా తల్లీ. నడక చాలు" అన్నాడు మాలకొండయ్య.

ముప్పై ఏళ్ళుగా పశువుల్ని చూసిన కన్ను అది. ఆ కంటి మీద నమ్మకమే ఆయన చేత తప్పు చేయించింది. మూడేళ్ళుగా చీటీ కట్టి కూడబెట్టిన డబ్బు అక్కడ పెట్టి నన్ను కట్టుకుని మెట్లు దిగాడు. ఆ మణికట్టు నుంచి గడ్డివాసన వచ్చింది. మంచి మనిషి వాసన. నా భయం రెట్టింపయింది. మోసగాడి చేతికి మోసంగా ఉండటం ఒక ఎత్తు, ఈయన చేతికి ఉండటం ఇంకో ఎత్తు.

ఆయనకు నేనెందుకో దారిలో అర్థమయింది. బండలాగుడు పందేలకు గిత్తల్ని కొనేవాళ్ళు ఇప్పుడు కార్లలో వస్తున్నారు. వాళ్ళు ముందు ఎద్దును కాదు, దళారి చేతిని చూస్తున్నారు. కిందటేడు రెండు మంచి జతలు ఇంకో దళారి చేతుల మీదుగా పోయాయి. అతనికి ఎద్దు సంగతి తెలిసింది తక్కువే, చేతికి మాత్రం మెరిసే గడియారం ఉంది.

ఇంట్లో ఆయన భార్య రవణమ్మ నన్ను చూసి చేట పక్కన పెట్టింది. "ఎద్దుల కాడికి పొయ్యేవాడికి ఎందుకయ్యా అంత గడియారం. అయ్యి నిన్ను టైం అడుగుతయ్యా?"

"అయ్యి అడగవులే. వాటిని కొనేవాళ్ళు అడుగుతారు."

"అడిగితే పొద్దు మొహం చూసి చెప్పేవాడివి గదా ఇన్నాళ్ళూ."

మాలకొండయ్య మంచం మీద కూర్చుని తువ్వాలు అంచుతో నా అద్దం తుడిచాడు.

వారం వారం సంతకు వెళ్ళేవాళ్ళం. అక్కడ బేరం నోటితో జరగదు. కొనేవాడూ దళారీ ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. ఆ చీకట్లో వేళ్ళు మాట్లాడతాయి. పట్టుకున్న వేళ్ళను బట్టి ధర. చుట్టూ వందమంది ఉన్నా ఆ రెండు చేతులకే తెలుస్తుంది. ఇప్పుడు మూడో సాక్షిని నేను. తువ్వాలు కింద అవతలి చెయ్యి నాకు తగలగానే కాస్త మెత్తబడేది. "ఈయన స్థితిపరుడే" అనుకునేది. మాలకొండయ్యకు రెండు జతలు కుదిరాయి.

ఆయన పేరు నా వల్ల రాలేదు, మాట వల్ల వచ్చింది. గిత్త ఒంటిమీద వెంట్రుకలు తిరిగే సుడులుంటాయి. కొన్ని మంచివంటారు, కొన్ని చెడ్డవంటారు. చెడ్డసుడి మీద రంగు పూసి అమ్మేవాళ్ళున్నారు. వయసు తెలియకుండా కొమ్ములు గీకి నూనె రాసేవాళ్ళున్నారు. మాలకొండయ్య ముప్పై ఏళ్ళలో ఒక్క సుడి దాచలేదు. "ఇది చెడ్డసుడి, ఇష్టమైతే కొను" అనేవాడు. అందుకే ఆయన మాటకు సంతలో విలువ.

నాలుగో నెలలో నా చవక గుండె అలసిపోయింది. రోజుకు పది నిమిషాలు వెనకబడటం మొదలుపెట్టాను. ఆపుకోవాలని చూశాను. గుండె మనది కానప్పుడు మనమాట ఎందుకు వింటుంది? సెకన్ల ముల్లు ఏడు అంకె దగ్గరకు రాగానే ఒక్క క్షణం తొట్రుపడేది.

ఒక ఉదయం మాలకొండయ్య పళ్ళు తోముకుంటూ నన్ను చూసి ఆగిపోయాడు. పుల్ల నోట్లోనే ఉంది. ముల్లు ఏడు దగ్గరకు వచ్చింది, తొట్రుపడింది, సాగింది. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చింది, మళ్ళీ తొట్రుపడింది. ఆయన అయిదు చుట్లు చూశాడు. మెల్లగా చొక్కా చెయ్యి కిందికి లాగి నన్ను కప్పాడు.

ఆ రోజునుంచి మేమిద్దరం భయపడ్డాం. పొద్దున్నే ఎవరూ చూడకుండా నా ముళ్ళు సరిచేసేవాడు. ఎవరైనా "టైమెంత మావా" అంటే ఎండవైపు చూసి చెప్పేవాడు. రవణమ్మ అది కనిపెట్టి నవ్వుకుంది.

అటువంటి రోజుల్లో విజయవాడ నుంచి చక్రపాణి గారు వచ్చారు. రోడ్ల కాంట్రాక్టరు. పందేల్లో ఆయన జతలకు పేరుంది. పిచ్చయ్య అనే రైతుకున్న ఆరుపళ్ళ వయసు జతను మాలకొండయ్య ఆయనకు చూపించాలి. రెండు గిత్తలూ ముత్యాల్లా ఉన్నాయి. ఎడమపక్క కట్టే దాపటి గిత్తకు కిందటి వేసవిలో గిట్ట చీలి మానింది. మాలకొండయ్య ముందే ఆ సంగతి చెప్పాడు. "ఇప్పుడు ఏమీ లేదు బాబుగారూ. పూర్తిగా మానింది. నా మాట."

చక్రపాణి గిట్ట ఎత్తించి చూశారు. లేచి దుమ్ము దులుపుకున్నారు. "నీ మాట మీద ఇంత డబ్బు పెట్టాలి గదా మాలకొండయ్యా" అంటూ చేతులు కలపడానికి చెయ్యి చాచి, మాలకొండయ్య చొక్కా అంచు కింద మెరిసిన నన్ను చూసి ఆగారు. నా జాతి గడియారమే ఆయన చేతికీ ఉంది. కుదురుగా, తన గుండెతో తాను నడుస్తోంది.

"అబ్బో, ఏదీ, చూడనీ."

చొక్కా చెయ్యి పైకి పోయింది. ఆయన నన్ను విప్పించి చెవి దగ్గర పెట్టుకున్నారు. తన గడియారాన్ని రెండో చెవి దగ్గర పెట్టుకున్నారు. కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. "ఎక్కడ కొన్నావు? మూత తీయించి చూశావా?"

"లేదయ్యా."

"రెండూ ఒకేలా వినబడటంలేదే. దీని లోపల సరుకు అసలుదేనా? నీ చేతికున్నదాని సంగతే నీకు తెలియకపోతే, గిట్ట లోపలి సంగతి నీకేం తెలుస్తుందయ్యా?"

పిచ్చయ్య తాడు చేతిలో బిగించుకున్నాడు. ఆ జత అమ్ముడుపోతేనే అతనికి బోరు పడుతుంది. మాలకొండయ్యకు పోయేది ఆ ఒక్క బేరమే కాదు. సంతలో ఒకసారి మాట చెడితే, వచ్చేవారం తువ్వాలు కింద ఆయన చేతిని పట్టుకునే చెయ్యి ఉండదు.

టీ కొట్టు పక్కన గొడుగు కింద, చిన్న అద్దాలపెట్టె ముందు మస్తాన్‌వలి కూర్చుంటాడు. వారం వారం సంతకు వచ్చి గడియారాలు బాగుచేస్తాడు. మాలకొండయ్యకు పాతికేళ్ళ స్నేహితుడు. చక్రపాణి నన్ను అతని ముందు పెట్టి "తీసి చూడు సాయిబూ" అన్నారు.

ఉక్కు పనిముట్టు నా వీపుకు ఆనింది. ఇన్నేళ్ళూ నేను తప్పించుకు తిరిగిన చప్పుడు అప్పుడు వినబడింది. మూత ఊడింది. లోపలికి ఎండ వచ్చింది. మస్తాన్‌వలి భూతద్దం వంగింది. ఆ పెద్ద కన్ను నా లోపల ఒక్క చుట్టు తిరిగి ఆగింది. అంతా తెలిసిపోయింది.

అతను తలెత్తలేదు. నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. అబద్ధం ఆడబోతున్నాడని నాకు అర్థమయింది. అక్కడ ఇంకెవరి కంటికీ భూతద్దం లేదు. "అసలుదే" అని ఒక్కమాట అంటే మాలకొండయ్య, పిచ్చయ్య, నేను, ముగ్గురం బతికిపోతాం. అను మస్తానూ, అను, అని నేను మొక్కుకున్నాను.

"అంటే, ఇది..." అన్నాడు మస్తాన్‌వలి.

"ఆగు మస్తానూ" అన్నాడు మాలకొండయ్య. "ఇన్నేళ్ళ పేరున్న పెట్టె నీది. నా కోసం దాన్ని చెడగొట్టుకోమాక. నేను చెప్తా."

చక్రపాణి వైపు తిరిగాడు. "పైది అసలుది బాబుగారూ. లోపలిది కాదు. నెలన్నాళ్ళయింది నాకు తెలిసి. ఏడు కాడికి రాంగానే తొట్రుపడతంది. కొనేటప్పుడు మూత తీస్తామన్నారు, నేనే వద్దన్నా. ఎద్దును చూసినట్టు చూసి మోసపోయినా. అది మోసపోవడం. ఆ తరువాత చొక్కా కిందికి లాగి దాచినా. అది తప్పు. ముప్పై ఏళ్ళలో దాచిన సుడి ఇదొక్కటే. గిత్తల్లో ఏదీ దాచలేదు. నమ్మితే నమ్ముండి."

వెనకనుంచి ఒకడు "గడియారానికి గిట్ట చీలిందంట్రా" అన్నాడు. నలుగురు నవ్వారు. మాలకొండయ్య ఆ నవ్వును తలవంచుకుని భరించాడు. చక్రపాణి నవ్వలేదు. వెళ్ళి దాపటి గిత్త పక్కన నిలబడి, దాన్ని పది అడుగులు నడిపించమన్నారు. నడక చూశారు. ఇంకో పది అడుగులన్నారు. తిరిగి వచ్చి తమ గడియారం విప్పి జేబులో వేసుకున్నారు.

"తువ్వాలు తియ్యి" అన్నారు.

మాలకొండయ్య భుజం మీది తువ్వాలు కప్పాడు. రెండు వట్టి చేతులు దానికింద కలిశాయి. నేను పెట్టెమీద బోర్లా పడి ఉన్నాను, మూత లేకుండా. ఇన్నాళ్ళకు ఒక బేరానికి నేను బయట ఉన్నాను. తువ్వాలు రెండుసార్లు కదిలింది. ఎన్ని వేళ్ళు పట్టుకున్నారో నాకు తెలియదు. చాలాసేపు ఏమీ తెలియలేదు. ఆ కాసేపట్లో నేను పడిన భయం సందు చివరి కొట్లో కూడా పడలేదు.

అప్పుడు చక్రపాణి డ్రైవరు కారులోంచి కొత్త తాడు తీసుకొచ్చాడు. మా వైపు అమ్మినవాడు పాత తాడు ఇవ్వడు. అది ఇంటికి తీసుకుపోతాడు. కొన్నవాడు కొత్త తాడు వేసి తోలుకుపోతాడు. పిచ్చయ్య గిత్తల మెడలో పాత తాళ్ళు విప్పి చుట్టచుట్టి భుజాన వేసుకుని, వాటి నుదుళ్ళు నిమిరి, ఎవరికీ కనబడకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

జనం పలచబడ్డాక మాలకొండయ్య వచ్చి గొడుగు కింద కూర్చున్నాడు. మస్తాన్‌వలి నన్ను శుభ్రంచేసి, ఒక చుక్క నూనె వేసి, మూత ఆనించి అడిగాడు. "బిగించనా?"

"బిగించు" అన్నాడు మాలకొండయ్య చెయ్యి చాపుతూ. "మరీ గట్టిగా వద్దులే. అడిగినోళ్ళకు తీసి చూపియ్యాల."