స్టూడియో కుదిర్చిన పెళ్ళి

లైల్ హేవర్‌స్టాక్ అసలు పేరు ఎల్మర్ ప్రూయిట్. నెబ్రాస్కాలో గోధుమ రైతు కొడుకు. షూటింగుల్లో గుర్రాలు చూసుకునే పనికి హాలీవుడ్ వచ్చాడు. ఒక నటుడు గుర్రం మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, అతని కోటు తీసి ఇతనికి తొడిగి ఆ వేషంలో నిలబెట్టారు. ఆ తర్వాత మా స్టూడియో అతని పళ్ళు సరిచేయించి, పేరు మార్చి, ఇంగ్లండులో చదువుకున్నాడని పత్రికలకు చెప్పింది. నేను ప్రచార విభాగంలో పనిచేసేదాన్ని. ఆ కథలన్నీ రాసింది నేనే. నిజానికి లైల్ నాలుగో తరగతిలోనే బడి మానేశాడు. చదవడం అతనికి కష్టం.

1934లో అతనికీ, మా నటి అయోన్ మార్ష్‌కీ పెళ్ళి చేయాలని మా యజమాని స్ట్రాస్‌నర్ నిర్ణయించాడు. ఇద్దరూ జంటగా నటించిన సినిమా విడుదల దగ్గరపడింది. ముందే పెళ్ళయితే జనం ఎగబడతారని ఆయన ఆలోచన. ఇద్దరినీ, అడిగిన వెంటనే పెళ్ళి చేసే యూమా అనే ఊరు తీసుకెళ్ళి జడ్జి ముందు నిలబెట్టాం. ఉంగరం కూడా స్టూడియో సామాన్ల గదిలోదే.

తిరుగు ప్రయాణంలో అయోన్ అడిగింది. "నీకు గురక వస్తుందా?"

"గుర్రాలైతే ఎప్పుడూ ఏమీ అనలేదు" అన్నాడు లైల్.

ఒకే ఇంట్లో చెరో గదిలో ఉండేవారు. ఒకరోజు పొద్దున అతను స్క్రిప్టులో మొదటి పేజీ దగ్గరే ఆగిపోయి కూర్చోవడం అయోన్ చూసింది. కాగితాలు అందుకుని పైకి చదివింది. మర్నాడూ చదివింది. అతను ఒకసారి వింటే చాలు, మరిచిపోడు. కొన్నాళ్ళకు ఆమె గుడ్లు వేయిస్తూ విలన్ మాటలు అంటుంటే, అతను బల్ల దగ్గర కూర్చుని బదులు చెప్పేవాడు. మూడేళ్ళ తర్వాత నేను వెళ్ళేసరికి రెండో పడకగదిలో జీనులూ బూట్లూ ఉన్నాయి.

అప్పటికి అయోన్ సినిమాలు వరసగా పోయాయి. లైల్ పక్కన కొత్త అమ్మాయిని పెట్టి, వాళ్ళిద్దర్నీ ప్రేమజంటగా ప్రచారం చేయాలని స్ట్రాస్‌నర్ పట్టుబట్టాడు. విడాకుల ప్రకటన నా చేతే రాయించి, అతన్ని పిలిపించాడు.

"ఏమోయ్, స్నేహంగానే విడిపోతున్నారని రాశాం. సంతకం పెట్టు."

"పెట్టను సార్."

"ఆ పెళ్ళి చేసింది నేనేగా?"

"మీరే చేశారు. బాగా కుదిరింది. ఉండనివ్వండి."

"నీ మొహం ఈ ఊళ్ళో ఎవరికీ గుర్తులేకుండా చేయగలను, తెలుసా?"

"తెలుసు. కాంట్రాక్టు అయోన్ చదివి వినిపించింది."

ఆమెనైనా ఒప్పించమని స్ట్రాస్‌నర్ నన్ను వాళ్ళింటికి పంపాడు. నేను నోరు తెరవకముందే అయోన్ అంది. "సంతకం పెట్టమని నేనే చెప్పాను. వినడు, మొండిఘటం. రేపు నీకోసమే ఇదంతా వదులుకున్నానని నన్ను సాధిస్తాడు."

"సాధించను. నాకు స్క్రిప్టు చదివేదెవరు?" అన్నాడు లైల్.

"జీతమిచ్చి మనిషిని పెట్టుకో."

"వాళ్ళకు విలన్ మాటలు నీలా రావు."

ఆమెకు కోపం తగ్గలేదు కానీ నవ్వొచ్చింది. నేను కాఫీ తాగి వచ్చేశాను.

స్ట్రాస్‌నర్ అన్నంత పనీ చేశాడు. మొదట లైల్‌ను పని లేకుండా కూర్చోబెట్టాడు. తర్వాత చవక సినిమాల్లో, మొదటి కాల్పుల్లోనే చచ్చిపోయే దొంగ వేషాలిచ్చాడు. లైల్ అవన్నీ వేశాడు. కాంట్రాక్టు ముగిశాక ఇంకెవరూ పిలవలేదు. శాన్ ఫెర్నాండో లోయలో కొంచెం నేల కొనుక్కుని, ఇద్దరూ పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పారు.

1951లో ఒక కుర్ర దర్శకుడు అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. సొంత తమ్ముడికి ఉరిశిక్ష వేసే జడ్జి వేషం. తెర మీద ఉండేది కాసేపే. తీర్పు చెప్పాక లైల్ ఏడవలేదు, కళ్ళద్దాలు తీసి వాటిని తుడిచాడు. థియేటర్లో నా పక్కనున్న ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది. పత్రికలన్నీ మెచ్చుకున్నాయి, ఈసారి నేను ఎవరికీ ఏమీ రాసి పంపకుండానే. మంచి వేషాలు మరో నాలుగు వచ్చాయి.

తర్వాతి శీతాకాలంలో లైల్ గుర్రానికి మేత వేస్తూ గుండె ఆగి చనిపోయాడు. అయోన్ గుర్రాలను అమ్మలేదు. వారం తిరక్కముందే పాఠాలు మళ్ళీ మొదలుపెట్టింది.